పార్కు కింద అగ్నిపర్వతం

సముద్రం మధ్య దీవిలో ఉన్న మా రంగత్ ఊరి బడికి రాబోయిన చల్లదనాన్ని ఒక్క జోకుతో తగలబెట్టిన మహానుభావుణ్ణి నేనే. చెబుతాను, నవ్వండి. నవ్వు రాకపోతే ఆ తప్పూ నాదే.

బడి రేకుల గదులు మధ్యాహ్నానికి పెనంలా కాలేవి. పక్కనున్న పార్కులో లోతుగా బోర్లు దించి, గొట్టాల్లో నీళ్లు తిప్పి, గదుల్లోని వేడిని నేలలోకి పంపే పథకం వచ్చింది. పార్కు అందరిదీ కాబట్టి ఊరంతా ఒప్పుకోవాలి. సుశీల టీచర్ రిటైరయ్యేలోగా ఇది సాధించాలని రెండేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగారు. ఏడో తరగతితో చదువుకు దండం పెట్టి ఆటో తోలుకుంటున్న నన్ను పిలిచి మరీ అడిగారు.

"నీ మాటకి జనం నవ్వుతారు. నవ్విన జనం కాదనరురా. మీటింగులో రెండు మంచి ముక్కలు చెప్పు."

మీటింగులో ఇంజనీరు గారు హిందీలో గంటసేపు వివరించేసరికి సగం ఊరు ఆవులిస్తోంది. నేను లేచాను. లేవకపోతే ఇప్పుడిది రాసే అవసరమే ఉండేది కాదు.

"ఏం లేదు భయ్యా, పక్క దీవి బారాటాంగ్‌లో బురద కక్కే అగ్నిపర్వతం ఉంది కదా. దాని తమ్ముణ్ణి మన పార్కులోకి తెస్తన్నారు."

జనం కుర్చీల్లోంచి జారిపోయేలా నవ్వారు. నేను కాలరు సర్దుకున్నాను.

అప్పలనర్సమ్మ మామ్మ మాత్రం నవ్వలేదు. సునామీ నాడు ముందు నేల ఊగింది, తర్వాత సముద్రం వచ్చింది. పడవ దగ్గరికి పరిగెత్తిన ఆవిడ కొడుకు తిరిగి రాలేదు.

"మళ్లీ నేలని కెలుకుతారేటి బాబూ?" అని మెల్లగా అడిగింది.

నవ్వు ఆగిపోయింది. చేతులెత్తమంటే టీచర్ చెయ్యి ఒక్కటే లేచింది.

"బడి ఎగ్గొట్టడంలో నిన్ను మించినవాడు లేడు కదరా. ఈ ఒక్క మీటింగూ ఎగ్గొట్టలేకపోయావా?" అన్నారావిడ.

మర్నాటి నుంచి ఇల్లిల్లూ తిరిగి, గొట్టాల్లో నీళ్లు తప్ప ఏమీ ఉండవని ఒట్లు పెట్టుకున్నాను. అప్పుడు నవ్వారండీ, మీటింగులో కన్నా గట్టిగా. బుద్ధెరిగాక నేను చెప్పిన మొదటి నిజం అది. నా జోకులన్నిట్లోకీ దానికే ఎక్కువ నవ్వు వచ్చింది.

చివరికి మామ్మ దగ్గర కూర్చుని, నవ్వించడానికే అలా అన్నానని ఒప్పుకున్నాను. ఆవిడ వల అల్లడం ఆపింది.

"ఆ గొట్టాలు నేల ఊగే ముందు సెప్తాయేటి? సెప్తే ఎయ్యమను. నానే ముందు సెయ్యెత్తుతాను."

ఎవరికైనా ఠకీమని జోకు విసిరే నేను ఈసారి ఉన్నదే చెప్పాను.

"చెప్పవు మామ్మా."

ఆవిడ మళ్లీ వల అందుకుంది.

ఊరు ఒప్పుకోలేదని కాగితం వెనక్కి పోయింది. టీచర్ సన్మానం ఆ రేకుల కిందే జరిగింది. శాలువా కప్పుతుంటే ఆవిడ మొహం తుడుచుకున్నారు. చెమటే అనుకుని సరిపెట్టుకున్నాను.

కాబట్టి, నా ఆటో మీద ప్రమాణం చేసి చెబుతున్నాను. ఇకమీదట నా హాస్యమంతా నేలకు మూరెడు పైనే. కింద ఎవరి జ్ఞాపకం ఎంత లోతున ఉందో తెలుసుకునేంత చదువు నాకు లేదు.