గిజిగాడి గూళ్లు, నా రిపోర్టు

1949 వానాకాలం. మానుకోటలో, అంటే మహబూబాబాద్‌లో, నేను టెలిగ్రాఫ్ లైన్‌మన్‌ని. గూడూరు వైపు వెళ్లే రెండు తీగలు నా బాధ్యత. సాయుధ పోరాటం రోజులు కావడంతో తీగ పనిచేయకపోతే అనుమానం ముందు మనుషుల మీదికే పోయేది. లైను పక్కనున్న ఊరివాళ్లూ తండావాళ్లూ దానికి కాపలా కాయాలి. ఏం జరిగినా జవాబు వాళ్లే చెప్పాలి.

ఆ నెల ఒక ఫాల్ట్ నన్ను పిచ్చివాణ్ణి చేసింది. పొద్దున్నే 'కాంటాక్ట్' వచ్చేది. అంటే రెండు తీగలు ఎక్కడో కలిసి, ఒకదాని వార్త ఇంకోదాంట్లోకి పోవడం. నేను సైకిల్ మీద చేరేసరికి మధ్యాహ్నమయ్యేది, అప్పటికి అంతా బాగుండేది. మూడుసార్లు ఇదే తంతు. నాకేమీ పాలుపోలేదు. కారణం దొరకనప్పుడు 'టాంపరింగ్', అంటే ఎవరో కావాలని చెడగొట్టారని, రాసి చేతులు దులుపుకోవడం మా అలవాటు. నేనూ అదే రాశాను.

నాలుగోసారి వెళ్తే, తండాలో కాపలా ఉండే సోమ్లాను మిలిటరీ క్యాంపుకు పట్టుకుపోయారని తెలిసింది. నా రిపోర్టు చూసే పట్టుకుపోయారట. అతని భార్య చాందీ నన్ను తిట్టలేదు.

"ఎవలన్న తీగ ముట్టంగ నువ్వు చూసినవా అన్న?" అని అడిగింది. చూడలేదన్నాను.

"మరి ఎట్ల రాసినవ్?"

సిగ్గుతో చచ్చిపోయాను. మర్నాడు తెల్లవారేసరికి లైను మీద ఉన్నాను. చాందీ వెంట వచ్చింది. వాగు దాటే చోట పై తీగకు పదీ పన్నెండు గిజిగాడి గూళ్లు వేలాడుతున్నాయి. ఇన్నాళ్లూ వాటి కిందినుంచే పోయాను, తల ఎత్తి చూసిన పాపాన పోలేదు.

గిజిగాడు పిచ్చుకంత పిట్ట. వానాకాలంలో మగదాని నెత్తీ రొమ్మూ పసుపు పూసినట్టుంటాయి. వరి ఆకు సన్నగా చీల్చి తెచ్చి ముక్కుతో అల్లుతుంది.

"మగది సగం అల్లి, రెక్కలు కొట్టుకుంట పిలుస్తది. ఆడది అచ్చి చూస్తది. నచ్చకుంటే అది గట్లనే ఇడిచిపెట్టి ఇంకోటి మొదలువెడ్తది," అంది చాందీ.

నచ్చితే కిందికి గొట్టంలా దారి అల్లి ముగిస్తుంది. ఆడది గుడ్లు పెట్టి రెండు వారాలు పొదుగుతుంది. ఆ గొట్టాలు కొన్ని కింది తీగకు తగులుతున్నాయి. రాత్రి వానకు తడిసి ముద్దయ్యాయి, ఆ తడి గుండా ఒక తీగ వార్త ఇంకోదాంట్లోకి దిగుతోంది. ఎండ ఎక్కితే ఆరిపోతాయి, నా ఫాల్టూ మాయమవుతుంది.

సంతోషించాలో ఏడవాలో తెలియలేదు. గూళ్లు తెంపక తప్పదు. రెండింట్లో ఇంకా కళ్లు తెరవని పిల్లలున్నాయి. నిచ్చెన ఎక్కి ఆగిపోయాను. చాందీ ముఖం తిప్పుకుని, "తెంపు అన్న, మా ఆయన లోపలున్నడు," అంది.

తడి గూళ్లు సంచిలో వేసుకుని క్యాంపుకు పోయి, నా రిపోర్టు తప్పని రాసిచ్చాను. మూడు రోజులు లైను చెడకపోతే అప్పుడు సోమ్లాను వదిలారు. కుడి చెయ్యి వాచి, వేళ్లు ముడవలేకపోయాడు. క్షమించమంటే నా వైపు ఒకసారి చూసి, తండా దారి పట్టాడు.

ఆ తర్వాత ఉద్యోగమంతా, కారణం దొరకనప్పుడు 'కారణం తెలియలేదు' అనే రాశాను. పై అధికారులు చాలాసార్లు చీవాట్లు పెట్టారు, పడ్డాను. ఆ రెండు మాటలే మొదట రాసి ఉంటే సోమ్లా క్యాంపు ముఖం చూసేవాడు కాదు.