రిబ్బను అవతలి స్నానాలగది
బ్రెజిల్లో పత్తి లోడుతో గొయాస్ రాష్ట్రం దాటి బాహియా వైపు లారీ తోలుకుపోతున్న లిందల్వాకు, రోడ్డు పక్కన టైరు మారుస్తున్న సాటి డ్రైవరు జెనెజియో కనిపించాడు. "అక్కా, ముందు సర్కారు వాళ్ళ విశ్రాంతి స్థలం ఇవాళే తెరుస్తున్నారు! ఆడవాళ్ళకి వేరే స్నానాలగది కూడానట!" అని కేకేశాడు. అంతే, ఆమె లారీకి రెక్కలొచ్చాయి. ఇరవయ్యేళ్ళుగా ఆమె స్నానమంతా లారీ చక్రాల మధ్య దుప్పటి అడ్డం కట్టుకుని, డబ్బా నీళ్ళతోనే. డీజిల్ కొట్టించుకోనివాళ్ళకి బంకుల్లో నీళ్ళివ్వరు. కొట్టించుకున్నా అక్కడున్నవి మగవాళ్ళ గదులే. అయిదున్నర గంటలు తోలాక ఆగి తీరాలని చట్టం చేసిన మహానుభావులు, ఎక్కడ ఆగాలో చెప్పడం మరిచారు. నాలుగు దేశాలు తిరిగినవాళ్ళకి ఇదేం వింత కాదు. ఎక్కడైనా చట్టం ముందు పుడుతుంది, కుళాయి తర్వాత పుడుతుంది.

గేటుకు అడ్డంగా పచ్చ రిబ్బను. బయట హారన్లు మోగిస్తూ లారీల బారు. "ఆగమ్మా, మంత్రిగారొచ్చి కత్తిరించాలి," అన్నాడు చెమటతో తడిసిపోయిన అధికారి.

"ఎప్పుడొస్తారు?"

"దారిలో ఉన్నారు."

"నేనూ ఇరవయ్యేళ్ళుగా దారిలోనే ఉన్నా నాయనా!"

డ్రైవర్లందరూ గొల్లున నవ్వారు. ఆమె లారీ పక్కన బిగించిన వంటపెట్టె తెరిచి, పొద్దున చిక్కుడుగింజల్లోకి వెల్లుల్లి తరిగిన కత్తి తీసి, రిబ్బనును ఒక్క వేటుకు కోసేసింది. రెండు కొసలూ, కత్తితో సహా అధికారి చేతిలో పెట్టింది. "మంత్రిగారొస్తే ముడేసి మళ్ళీ కోయించు." ఈలలు, చప్పట్లు. లిందల్వా మాత్రం భుజాన తువ్వాలు, చేతిలో సబ్బుపెట్టెతో, వెనక్కి ఒక్కసారైనా తిరిగి చూడకుండా, ఆడబొమ్మ గీసిన తలుపు వైపు దాదాపు పరుగున వెళ్ళిపోయింది.