కల్నల్ గారి వెచ్చని కాలిబాట

కోవిడ్‌కి ముందటి చలికాలం. ఇల్లినాయ్ ఉత్తరాన ఉన్న ఒక మిలిటరీ స్థావరంలో పాత హీటింగ్ ప్లాంట్‌కి లైఫ్ సైకిల్ కాస్ట్ అంచనా వేయడానికి మా కంపెనీ నన్ను పంపింది. ఒక యంత్రాన్ని కొన్న రోజు నుంచి పీకి పారేసేదాకా అయ్యే ఇంధనం, మరమ్మతులు, జీతాలు అన్నీ కలిపి లెక్కగట్టడమే ఆ పని. ఇక్కడ బాయిలర్లు తయారుచేసిన ఆవిరిని భూమిలోని పైపులు అన్ని భవనాలకూ చేరవేస్తాయి. వాటినే బాగుచేయించాలా, భవనానికో చిన్న బాయిలర్ పెట్టాలా అన్నది తేల్చాలి.

స్థావరం ఇంజనీరు సాహితి నాకు తోడుగా వచ్చింది. అక్కడికి దగ్గర్లోని అరోరా ఊళ్లో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. నలుగురిలో "సర్" అనేది, పక్కకి రాగానే నేను "అంకుల్" అయిపోయేవాణ్ణి.

ఎటు చూసినా మోకాలి లోతు మంచు. హెడ్‌క్వార్టర్స్ ముందు కాలిబాట మాత్రం పొడిగా ఉంది, అంచున పచ్చగడ్డి కూడా. కింద పైపు లీకవుతోందని రాసుకోబోయాను.

"అంకుల్, లీక్ అని రాయొద్దు ప్లీజ్. కల్నల్‌కి అది చాలా ఇష్టం," అంది సాహితి.

నిజమే. ప్లాంట్ స్థావరం అధికారి కల్నల్ గారి ఆఫీసు గోడ పక్కనే. ఆ వేడికి ఆయన కిటికీ బార్లా తెరిచి, చొక్కా చేతులు మడిచి కూర్చున్నారు. ఆ బాట మీద మంచు తీయించే పనే పడలేదనీ, ఆ లాభాన్ని కూడా నా లెక్కలో చేర్చమనీ మర్యాదగానే చెప్పారు. తలూపి బయటపడ్డాను.

పైపు లైను చివర సైనికులుండే బ్యారక్స్. అక్కడికి చేరేసరికి ఆవిరి చల్లని నీళ్లయిపోతోంది. కుర్రాళ్లు జాకెట్లతోనే పడుకుంటున్నారు. ఒకతను హెయిర్ డ్రయర్‌తో బూట్లు వెచ్చబెట్టుకుంటున్నాడు.

నా రిపోర్టులో చార్టులకు లోటు లేదు. కానీ కిటికీ తెరుచుకుని కూర్చునే మనిషి చార్టు చూసి వణకడు. అందుకే మీటింగ్ బ్యారక్స్‌లో పెట్టించమని సాహితిని అడిగాను.

"కాన్ఫరెన్స్ రూమ్‌లో ప్రొజెక్టర్ పనిచేయట్లేదు అని చెప్తా అంకుల్. అబద్ధం కాదు, అది నిజంగానే పనిచేయదు."

కల్నల్ గారు పల్చటి యూనిఫామ్‌లో వచ్చారు. నా ల్యాప్‌టాప్‌లో మూడో స్లైడ్‌కే ఆయన చేతులు చంకల్లోకి వెళ్లాయి. పైపుల్లో దారిపొడవునా పోయే వేడి గురించి చెబుతుంటే నన్ను ఆపి, గది ఎప్పుడూ ఇలాగే ఉంటుందా అని వెనక నిలబడ్డ సార్జెంట్‌ని అడిగారు.

"లేదు సర్. ఇవాళ మీరొస్తున్నారని తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కాం."

కల్నల్ గారు లేచి వెళ్లి ఆ దుప్పట్లు తడిమి చూశారు. తర్వాత చిన్న బాయిలర్ల ప్రతిపాదనే పైకి పంపుతాననీ, మొదటిది ఈ బ్యారక్స్‌కేననీ చెప్పారు. అన్నట్టే చేశారు.

అంకెలు సరిగ్గా ఉంటే చాలు, అవే ఒప్పిస్తాయని అంతవరకూ నా నమ్మకం. ఇప్పుడు ఏ స్థావరానికి వెళ్లినా అన్నిటికంటే చల్లటి గది ఏదో ముందు కనుక్కుని, మీటింగ్ అక్కడే పెట్టించుకుంటాను. స్లైడ్లు కూడా తక్కువే సరిపోతున్నాయి.