పెద్దాయనకు నేను పెట్టిన గ్రీన్

“పాలిటెక్నిక్ పిల్ల వచ్చింది” అని ఒక ఆంటీ నన్ను పలకరించేది. జర్మనీలో, జిండెల్ఫింగెన్ అనే ఊళ్ళో, మా బిల్డింగ్‌లోనే కింది అంతస్తు ఆవిడది. మంచి మనిషే, పులిహోర చేసినప్పుడల్లా మాకో డబ్బా పంపేది. కానీ నేను చేరిన చదువేమిటో ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ తలకెక్కలేదు. మూడు నెలలు కాలేజీలో పాఠాలు, మూడు నెలలు కంపెనీలో పని, మళ్ళీ కాలేజీ, మళ్ళీ కంపెనీ. చివరికి డిగ్రీ చేతికొస్తుంది, మధ్యలో నెలనెలా జీతం కూడా వస్తుంది అని చెప్తే, “అంటే పనికి పోతున్నవన్నట్టు. మరి చదువెప్పుడు చదువుతవు?” అనేది. ఇక్కడ దాన్ని డుయాలెస్ స్టూడియం అంటారని, దొరకడమే గగనమని చెప్పి చెప్పి నా నోరు నొప్పిపెట్టింది. ఆఖరికి పాలిటెక్నిక్ అంటే పాలిటెక్నికే అనుకోనీ అని వదిలేశాను.

నాన్న బ్లూ కార్డు అనే ఉద్యోగ వీసా మీద కరీంనగర్ నుంచి మమ్మల్ని తీసుకొచ్చేనాటికి నేను ఎనిమిదో తరగతి. ఆయన కార్ల ఫ్యాక్టరీకి సాఫ్ట్‌వేర్ రాసే పనిలో ఉన్నాడు. నేను మ్యూనిక్‌లో పెద్ద యూనివర్సిటీకి వెళ్ళాలని ఆయన కోరిక. నాకేమో ఒకచోట కూర్చుని చదవడం మొదటినుంచీ చేతకాదు. మేనత్త కూతురి పెళ్ళికి ఊరెళ్ళినప్పుడు వంటవాళ్ళ దగ్గర్నుంచి వీడియో తీసేవాడి దాకా అందరి వెంటాపడి పని చేయించింది నేనే. నాదస్వరం వాళ్ళ బండి ఎక్కడిదాకా వచ్చిందో పెళ్ళికొడుకు తండ్రి కూడా నన్నే అడిగాడు. ఆ తిరుగుడుకి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అని పేరుందని, దాన్ని చదువుగా కూడా చెప్తారని తెలిసినప్పుడు నాకు పట్టరాని సంతోషం కలిగింది. నాన్న నెల రోజులు ముభావంగా తిరిగి, చివరికి ఒప్పుకున్నాడు.

నన్ను తీసుకున్నది పక్క ఊరి చిన్న కంపెనీ. బేకరీల్లో రొట్టెలు ప్యాక్ చేసే యంత్రాలు తయారుచేస్తుంది. మొదటి నెలలు ప్రోబెట్సైట్, అంటే మనల్ని పరీక్షగా చూసుకునే కాలం. ఆ కాలంలో వద్దనుకుంటే వాళ్ళు కారణం కూడా చెప్పక్కర్లేదు. కంపెనీ పోయి, వెంటనే ఇంకోటి దొరక్కపోతే కాలేజీ సీటు కూడా పోయినట్టే. అప్పుడు కింది అంతస్తు ఆంటీకి ఏం చెప్పాలన్నది నా భయాల్లో చిన్నది. నాన్న ముఖం ఎలా చూడాలన్నది పెద్దది.

నా పని వినడానికి తేలికే. ఒక బేకరీకి పంపాల్సిన యంత్రంలో ఏ భాగం ఎంతవరకు వచ్చిందో ప్రతి విభాగానికీ వెళ్ళి అడగాలి. వారం వారం మీటింగ్‌లో తెరమీద చూపాలి. సాఫీగా నడిచే పనికి ఆకుపచ్చ చుక్క, అనుమానంగా ఉన్నదానికి పసుపు, ఆగిపోయేలా ఉన్నదానికి ఎరుపు. రోడ్డు మీద సిగ్నల్ లైట్లలాగే, అంతే.

చిక్కు అడగడంలో వచ్చింది. కంట్రోల్ ప్యానెల్ చేసే విభాగానికి ఒక పెద్దాయన హెడ్. నెరిసిన మీసం, ముక్కు చివరకు జారిన కళ్ళద్దాలు, మా తాతయ్య కంటే కొంచెమే చిన్నవాడై ఉంటాడు. అక్కడ అందరూ అందర్నీ పేరుపెట్టి నువ్వనే పిలుచుకుంటారు. నాకు నోరు రాలేదు. పేరు పిలవలేక, ఆయన తల ఎత్తేదాకా ఎదురుగా నిలబడేదాన్ని. ఒక్కోసారి పాపం ఆయన ఉలిక్కిపడేవాడు. “ఇంకా ఎందుకు కాలేదు?” అని ఆయన్ని అడగడమన్నది నా ఊహకే అందలేదు. మా ఇంట్లో పెద్దవాళ్ళను అలా నిలదీస్తే వీపు విమానం మోత మోగేది.

ఒకరోజు ఆయనే చెప్పాడు. స్విచ్చుల సరుకు ఆలస్యంగా వచ్చిందని, తన మనిషి ఒకడు జబ్బుతో సెలవులో ఉన్నాడని, అనుకున్న తేదీకి ప్యానెల్ కాదని. ఎండ బాగుందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. నేనేమో ఇప్పుడు ఆయన పేరు పక్కన ఎర్రచుక్క పెట్టి, పదిమంది ముందు, తెరమీద చూపించాలి. రిటైరయ్యే వయసులో ఉన్న మనిషి పరువు నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల చేతిలో పోవడమా?

ఆ సాయంత్రం అన్నం తింటూ నాన్నకు చెప్పాను. ఆయన చెయ్యి కంచంలోనే ఆగింది.

“రెడ్ పెట్టకు బిడ్డా. రెడ్ పెడితే ఫస్టు నిన్నే అడుగుతరు. ఇన్నేండ్ల సర్వీసుల నా ప్రాజెక్టుల ఒక్క రెడ్ లేదు తెలుసా?”

“మరి పని కాకుంటే ఎట్ల డాడీ?”

“అయితది. ఎట్లనో అట్ల చేస్తం గద. పైకి గ్రీన్ పెట్టాలె, లోపల పరుగులు పెట్టి చెయ్యాలె. అందరు చేసేది గదే.”

అమ్మ కూడా “పెద్దాయనను ఎందుకు ఇబ్బంది పెడుతవే, పాపం” అంది. ఇద్దరూ ఒకే మాట మీద ఉండడం మా ఇంట్లో అరుదు. నేను గ్రీన్ పెట్టాను. పెట్టి, ఒక మంచి పని చేశానన్న తృప్తితో పడుకున్నాను కూడా.

మీటింగ్‌లో పేజీ తెరమీదికి రాగానే పెద్దాయన కళ్ళద్దాలు పైకి నెట్టుకున్నాడు.

“నాది గ్రీన్ అని ఎవరు పెట్టారు?”

నేనే అన్నట్టు చెయ్యి కొంచెం ఎత్తాను.

“కాదని నీకు చెప్పానా లేదా?”

“చెప్పారు. కానీ మీకు... ఇబ్బంది అవుతుందేమోనని...”

“నాకా?” ఆయన ముఖం ఎర్రబడింది. “నన్ను కాపాడమని నిన్నెవరు అడిగారు? నాకు మనుషులు కావాలి. నువ్వు గ్రీన్ చూపిస్తే నాకు మనుషుల్ని ఎవరిస్తారు?”

ఎవరి పరువు కాపాడాలనుకున్నానో ఆ మనిషే నా పరువు తీశాడు. మా ప్రాజెక్ట్ మేనేజర్, గట్టిగా ఒక్క మాటా మాట్లాడని ఆవిడ, తనే లాప్‌టాప్ దగ్గరికి జరిగి ఆ చుక్కను ఎర్రగా మార్చింది. పక్క ప్రాజెక్టు నుంచి ఇద్దర్ని అక్కడికక్కడే ఆయనకు కేటాయించింది. ఆయన “సరే” అని కాఫీ తాగాడు. సంగతి అక్కడితో ముగిసింది. కేకలు లేవు, సంజాయిషీలు లేవు. గది నుంచి బయటికి వస్తుంటే మాత్రం ఆవిడ నాతో, “వచ్చే వారం మనిద్దరం కూర్చోవాలి, నీ ప్రోబెట్సైట్ గురించి” అంది.

ఆ వారం నాకు అన్నం సయించలేదు. మీటింగ్‌లో ఏమైందో ఇంట్లో ఉన్నదున్నట్టు చెప్పేశాను. “నా మాట విని చెడిపోయినవు” అని నాన్న గొణుక్కున్నాడు. కోపం ఆయన మీద కొంత, నా మీద కొంత, ఆ మీసాల పెద్దాయన మీద బోలెడంత. ఉద్యోగాల వెబ్‌సైట్లు తెరిచి, ఎవరైనా మధ్యలో చేర్చుకుంటారా అని కూడా వెతికాను. ఎవరూ కనబడలేదు.

మాట్లాడే రోజు రానే వచ్చింది. మేనేజర్ తలుపు మూసి, “ఎలా ఉంది ఇక్కడ?” అని అడిగింది.

“అంతా బాగుంది” అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది మాకు పుట్టుకతో వచ్చిన జవాబు. ఎందుకో ఆ క్షణాన నాకు విసుగొచ్చింది. ఎలాగూ పంపించేస్తారు, ఇంకా దాచేదేముంది అనిపించింది. అన్నీ చెప్పేశాను. వర్క్‌షాప్‌లో వాళ్ళు ఫోన్‌లో మాట్లాడే యాస నాకు సగం అర్థం కాదని, అర్థమైనట్టు ఊఁ కొడుతున్నానని. పెద్దవాళ్ళను ఎందుకు ఆలస్యమైందని అడగాలంటే నాకు వణుకని. కంట్రోల్ ప్యానెల్ లోపల ఏముంటుందో చూడకుండానే దాని గురించి పేజీలు తయారుచేస్తున్నానని. చెప్తూ చెప్తూ ఏడ్చేస్తానేమోనని భయమేసింది. ఏడవలేదు.

ఆవిడ మధ్యలో ఒక్కసారీ అడ్డు రాలేదు. అంతా విని, “ఇది వినడానికే ఎదురుచూస్తున్నాను” అంది. “కాలేజీ నుంచి తిరిగొచ్చాక మొదట వర్క్‌షాప్‌లోనే ఉండు. ప్యానెల్ వైరింగ్ దగ్గర. నిన్ను తన దగ్గరికి పంపమని ఆయనే అడిగాడు.”

“తిరిగొచ్చాక... అంటే నన్ను ఉంచుకుంటున్నారా?”

“మరి?” అంది ఆవిడ, ఈ పిల్లకు ఈ అనుమానం ఎందుకొచ్చిందా అన్నట్టు. “నువ్వు తప్పు చుక్క పెట్టావు. దిద్దుకున్నాం. దానికి ఎవరైనా మనిషిని పంపించేస్తారా?”

బయటికొచ్చాక మెట్ల మీద కూలబడ్డాను. గుండెల మీంచి కుంపటి దింపినట్టయింది. అంతవరకూ లేని ఆకలి ఒక్కసారిగా వేసింది. స్టేషన్‌లో ఉప్పు చల్లిన పెద్ద బ్రెట్సెల్ రొట్టె ఒకటి కొనుక్కుని, ఉప్పు కూడా దులపకుండా, రైలు వచ్చేలోపే తినేశాను. పక్కనున్నావిడ నన్ను చూసి నవ్వితే నేనూ నవ్వాను. చాలా రోజులకు నాకు జర్మనీ ముద్దొచ్చింది.

ఎస్-బాన్ రైలు దిగేసరికి ప్లాట్‌ఫారమ్ మీద నాన్న ఉన్నాడు. ఆఫీసు బ్యాగు భుజాన అలాగే ఉంది.

“ఉంచుకున్నరా?”

“ఉంచుకున్నరు డాడీ.”

“హమ్మయ్య” అని నా తలమీద చెయ్యి వేసి, అక్కడే నిలబడిపోయాడు. కళ్ళు తుడుచుకున్నాడు. “మీ అమ్మకు ఫోన్ చెయ్యి ముందు” అన్నాడు. చేశాను. అమ్మ అరుపు ఆయనకు కూడా వినబడింది. లోపల ఏం జరిగిందో, నేను ఏమేం చెప్పానో, మేనేజర్ ఏమందో అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. బయటికి వెళ్ళే దారి పట్టకుండా కాసేపు పట్టాల వైపు చూశాడు.

“ఆ పెద్దాయనకు నిజంగనే మనుషులను ఇచ్చిన్రా?”

“అప్పటికప్పుడే ఇచ్చిన్రు.”

“ఆయననేమి అనలేదా? మీటింగ్ అయినంక గూడ?”

“ఏమనలేదు డాడీ.”

“నీకు తెల్వకుండ ఏమన్న అన్నరేమో.”

నా సంతోషంలో నేనుండి ఆయన ముఖం సరిగా చూడలేదు. అప్పుడు చూశాను. అది కూతురి ఉద్యోగం గురించి అడుగుతున్న ముఖం కాదు.

“డాడీ, నీ ప్రాజెక్ట్ ఎట్ల నడుస్తున్నది?”

ఎప్పుడడిగినా “సూపర్” అనే మనిషి. ఆ రోజు ఆ మాట అనలేదు. బెంచీ దాకా నడిచి, బ్యాగు తీసి పక్కన పెట్టి, నాకు చోటు చూపించాడు.

“కూసో బిడ్డా,” అన్నాడు, “మొదట్ల నుంచి చెప్త.”