మస్తానమ్మ బొమ్మకు తొలిపూత

కళాకారులకు ఆకలి తెలియదని సభల్లో చెబుతుంటారు. మైపాడులో పడవలకు రంగులేసే కిషోర్ బాబుకు మధ్యాహ్నం పన్నెండున్నరకే తెలుస్తుంది. దానికంటే ముందు నడుము తెలుస్తుంది. ఇరవై రెండేళ్లుగా పడవల కింద వెల్లకిలా పడుకుని అడుగుభాగాలకు రంగు కొట్టిన నడుము అది. కుర్చీలో కూర్చుని చేసుకునే పని ఏదైనా సరే, అతని దృష్టిలో అదే కళ.

ఆ కుర్చీ పని బొమ్మల రూపంలో దొరికింది. నెల్లూరులో చేతులూ కాళ్లూ కదిలే వీరుల బొమ్మలు కొనుక్కొస్తాడు. బుర్ర చెక్కి, ఎపాక్సీ పుట్టీతో ముక్కూ చెవులూ పెట్టి, మనకు తెలిసిన మనిషిగా మారుస్తాడు. మొదట బావమరిదిని చేశాడు. అసలు మనిషికంటే బొమ్మే నయమని కిషోర్ బాబు భార్య రెజీనా, అంటే ఆ బావమరిదికి సొంత అక్కే, ఒప్పుకుంది.

ఆ సంగతి రెండు ఫైబర్ పడవల యజమానురాలు మస్తానమ్మ చెవిన పడింది. వేట నిషేధం ముగిసి పడవలు నీళ్లలోకి దిగే రోజుకు తన బొమ్మ ఇంజను పెట్టె మీద నిలబడి ఉండాలంది. ఆ పొద్దున పదకొండుమంది యజమానులు ఒడ్డున ఉంటారు. వాళ్లకు నచ్చితే తలా ఒకటి చేయించుకుంటారు, కిషోర్ బాబు పడవల కిందనుంచి శాశ్వతంగా బయటికొస్తాడు. నచ్చకపోతే వచ్చే ఏడూ వెల్లకిలానే.

వీరుడికి కొప్పు పెట్టాడు, ముక్కుపుడక పెట్టాడు, పుట్టీతో కోక చుట్టాడు. భుజాల కండలు చెక్కేయమంటావా అక్కా అని అడిగితే మస్తానమ్మ కాసేపు ఆలోచించి, ఉండనిమ్మంది.

ఇక ప్రైమర్, అంటే తొలిపూత. ఇది లేకపోతే ప్లాస్టిక్ మీద రంగు పొరలుగా లేచిపోతుంది. పడవలకు వేసే చిక్కటిది బొమ్మ మీద వేస్తే ముక్కుపుడక కనబడదు. కాబట్టి నెల్లూరు వెళ్లి, కార్ల రంగులమ్మే చంద్రమౌళి దగ్గర స్ప్రే డబ్బా తెచ్చాడు. కారు బంపరు ప్లాస్టిక్కే కదా, బంపరును పట్టుకున్నది బొమ్మను పట్టుకోదా అని చంద్రమౌళి వాదన. వాదనలో లోపం లేదు, బొమ్మలోనే ఉంది.

కిషోర్ బాబు దాన్ని పడవను ఆరబెట్టినట్టే సముద్రానికి ఎదురుగా నిలబెట్టి కొట్టాడు. ఉప్పుగాలికి ఆరితే గట్టిపడుతుందని పడవ పనివాళ్ల నమ్మకం. సాయంత్రానికి బొమ్మకు బూజులాంటి తెల్లపొర పట్టింది, దాని మీద ఇసుక.

అతని షెడ్డులో ఒక పద్ధతి ఉంది. ప్రైమర్ ఆరిందని అతను చెబితే చెల్లదు. యజమాని వచ్చి బొటనవేలితో నొక్కాలి, ముద్ర పడకపోతేనే పైరంగు. పచ్చి మీద రంగేశావని ఎవరో గొడవపడ్డప్పటినుంచి ఇదే చట్టం. మస్తానమ్మ వచ్చి తన బొమ్మ పొట్ట మీద తనే నొక్కింది. ముద్ర పడింది. మర్నాడు వీపు మీద నొక్కింది, పడింది. మూడోనాడు చెంప మీద.

"ఏంది అబ్బయ్యా, నేను జిగటగా ఉండానే?" అంది.

జిగట మీద ఇంకో పూత కొడితే సర్దుకుంటుందని, పడవలకు పనికొచ్చిన వైద్యమే చేశాడు. జిగట రెట్టింపయింది. పాస్టరు గారు ఓర్పు గురించి ఒక వాక్యం చెప్పారు. ఓర్పుతో ఆరే పెయింట్లున్నాయి, ఇది వాటిలో ఒకటి కాదు.

పడవలు దిగడానికి వారం ఉందనగా, చిల్లకూరులో ఇలాంటి బొమ్మలకే రంగులేసి వీడియోలు పెట్టే ప్రత్యూష అనే అమ్మాయికి ఫోన్ చేశాడు. ఆమె అడిగింది ఒకటే, బొమ్మ చెయ్యి వంచితే వంగుతుందా అని. వంగతాదన్నాడు.

"అయితే అది మెత్త ప్లాస్టిక్ అన్నా. దాంట్లో ఉండే నూనె పైకొచ్చి థిన్నర్ స్ప్రేతో కలుస్తాది. వచ్చే సంక్రాంతికి కూడా ఆరదు. నీళ్లతో కలిసే ప్రైమర్ తెప్పించుకో, చిన్న స్ప్రే గన్‌తో పల్చగా కొట్టు. ఆ సముద్రం గాలికి మాత్రం పెట్టొద్దు."

మొదటి బొమ్మను కిరసనాయిలుతో కడిగితే మస్తానమ్మ ముక్కు ఊడొచ్చింది. రెండోది మొదలుపెట్టాడు. బూడిదరంగు ప్రైమర్ వచ్చాక పడకగదిలో తలుపులేసుకుని, అట్టపెట్టెలో బొమ్మను నిలబెట్టి మూడు పల్చటి పూతలు కొట్టాడు. ఆదివారం చర్చికి వెళ్లినప్పుడు రెజీనా తెల్లచీర బూడిదరంగులో ఉంది. ఆమె రెండు రోజులు అతనితో మాట్లాడలేదు. ఇల్లు ప్రశాంతంగా ఉండటంతో బొమ్మ నున్నగా ఆరింది.

పడవలు దిగే ముందురోజు మస్తానమ్మ వచ్చి వేలు నొక్కింది. ముద్ర పడలేదు. కిషోర్ బాబు కుంచె తడిపాడు. ఆకుపచ్చ కోక, ఎర్ర అంచు, నెల రోజులుగా మనసులో ఉన్నవే. ఆమె బొమ్మను ఎత్తి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"రంగెయ్యొద్దు."

"ఇది ప్రైమరక్కా. ఇంకా మొదలే పెట్టలా నేను."

"సెంటర్లో నిలబెట్టిన విగ్రహం మాదిరి ఉండాను. రంగేస్తే ఆటబొమ్మనైపోతా."

నెల రోజుల కోకను అతను రెండు నిమిషాలు వర్ణించాడు. ఆమె అప్పటికే బొమ్మను కొంగులో చుట్టేసింది.

మర్నాడు పొద్దున ఇంజను పెట్టె మీద బూడిదరంగు మస్తానమ్మ కండలతో నిలబడింది. టెంకాయ కొట్టారు. పదకొండుమందీ చూశారు, ఎనిమిదిమంది కిషోర్ బాబును పక్కకు పిలిచారు. అందరిదీ ఒకటే మాట: అట్టాగే కావాల, రంగు లేకుండా. నడుము గెలిచింది, కుంచె ఓడింది. ఏ మనిషికైనా రెండూ ఒక్కరోజే గెలవాలని నియమమేమీ లేదు గానీ, అతని మొహం చూస్తే అలా అనిపించలేదు.

ఆ ఎనిమిదిమంది వెళ్లాక చివరగా వచ్చిన యజమాని వెంకయ్య. డెబ్బైకి దగ్గరపడ్డాడు, పెళ్లాం పోయి ఏడేళ్లు.

"నీకూ విగ్రహమేనా అన్నా?" అన్నాడు కిషోర్ బాబు, ఆశ వదులుకుని.

వెంకయ్య ఇసుకలో కాలివేలు రాస్తూ మస్తానమ్మ పడవ వైపు ఒకసారి చూశాడు.

"అంతా అట్టాగే ఉండనీ. మీసానికి మాత్రం నల్లరంగు వెయ్యి. ఒక్క తెల్లెంట్రుక కనబడకూడదు."