బోర్డు మీద గాలి డాక్టరు

1961లో నేను వికారాబాద్ స్టేషన్ ఎదురు వీధిలో ఓ చిన్న క్లినిక్‌లో నర్సుగా పనిచేస్తున్నాను. మాది తాండూరు. పొద్దున ప్యాసింజరులో వచ్చి, సాయంత్రం ప్యాసింజరులో ఇంటికి పోయేదాన్ని. క్లినిక్ డాక్టర్ హమీద్ గారిది. ఆయన చాలా ఏళ్లు వాయుసేనలో వైద్యం చేసి, రిటైరయ్యాక అనంతగిరి కొండగాలి ఒంటికి పడుతుందని ఇక్కడికొచ్చి స్థిరపడ్డారు.

ఆయన చదివిన చదువును ఏవియేషన్ మెడిసిన్ అంటారు. పైకి ఎగిరినప్పుడు విమానం నడిపేవాళ్ల కళ్లు, చెవులు, గుండె ఎలా పనిచేస్తాయో చూసే వైద్యం అది. ఎగరడానికి పనికొస్తాడనుకుంటే ‘ఫిట్’ అని రాసిస్తారు. అనుమానం ఉంటే ‘గ్రౌండ్’ చేస్తారు, అంటే కొన్నాళ్లు నేల మీదే ఉండమంటారు. వికారాబాద్‌లో విమానాలెక్కేవాళ్లు ఎవరున్నారు? మాకు వచ్చేవన్నీ జ్వరాలు, విరేచనాలు, తేలు కాట్లు. ఆయన వాటినీ ఓపికగానే చూసేవారు గాని, ఎప్పుడైనా ఆకాశంలో మోత వినబడితే చేతిలో స్టెతస్కోపుతోనే వాకిట్లోకి వచ్చి నిలబడేవారు.

నాకు ఇంకో పని కూడా ఉండేది. దేశంలో అక్కడక్కడా ఉన్న విమాన వైద్యులందరూ కలిసి ఓ చిన్న సంఘం పెట్టుకున్నారు. ప్రతి డిసెంబరులో ఆ ఏడాది కబుర్లన్నీ ఓ సర్క్యులర్‌గా వేసి సభ్యులకు పంపాలి. ఆ కూర్పు బాధ్యత మా డాక్టరు గారిది. నకళ్లు తీసే స్టెన్సిల్ కాగితం మీద ఇంగ్లీషులో టైపు కొట్టే బాధ్యత నాది. టైపు నేర్చుకున్నానని ఉద్యోగంలో చేరిన రోజునే గొప్పలు పోయాను కదా, తప్పుతుందా మరి. ఎవరికి ఎక్కడికి బదిలీ అయింది, ఎవరింట్లో పిల్ల పుట్టింది, ఎక్కడ కొత్త పరికరం వచ్చింది, ఎవరు ఏ సభలో మాట్లాడారు, ఒక్కో పేరు కింద రెండు మూడు వరుసలు ఉండేవి. ఆ ఏడాదైతే చెప్పనక్కర్లేదు. మనిషి భూమి చుట్టూ తిరిగి క్షేమంగా దిగాడు. సభ్యులు రాసిన ప్రతి కార్డులోనూ పండగే.

డాక్టర్ హమీద్ అన్న పేరు కింద మాత్రం మూడేళ్లుగా నేను కొట్టింది ఒకటే మాట: ‘విశేషాలు లేవు.’ ఆ మాట చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూసేవారు కాదు, కిటికీలోంచి బయటికి చూసేవారు. నాకు మనసు చివుక్కుమనేది.

ఇక బోర్డు సంగతి. ఆ ఎండాకాలం పాత బోర్డు వెలిసిపోయిందని కొత్తది రాయించాం. తాండూరు నుంచి పెయింటరును నేనే పట్టుకొచ్చాను. ఇంగ్లీషు, ఉర్దూ వరుసలు డాక్టరు గారు దగ్గరుండి రాయించారు. తెలుగు ఆయనకు మాట్లాడడం వచ్చుగాని చదవడం రాదు, కాబట్టి ఆ వరుస నాకు వదిలేశారు. ఏవియేషన్ మెడిసిన్ అంటే తెలుగులో ఏమని రాయాలని పెయింటరు అడిగాడు. నేను ఇంజక్షన్ సూదులు మరిగిస్తూ, తల తిప్పకుండా, గాలిలో తిరిగేవాళ్లకు చూసే డాక్టరని రాయమన్నాను. సాయంత్రం చూస్తే బోర్డు మీద తెలుగులో రెండే మాటలు: గాలి డాక్టరు. చోటు సరిపోలేదమ్మా అన్నాడు పెయింటరు.

గాలి సోకడమంటే మా వైపు దయ్యం పట్టడమని తెలియనివాళ్లుండరు. మర్నాటి నుంచే మొదలైంది. దౌల్తాబాద్ నుంచి ఒకావిడ బిడ్డకు తాయెత్తు కట్టమని వచ్చింది. కొడంగల్ నుంచి ఒకాయన సాబ్ నీళ్లు ఊది ఇస్తారా అని నన్ను చాటుగా అడిగాడు. ఒక్కొక్కరికి ఏదో సర్దిచెప్పి, ఉన్న జబ్బేదో కనుక్కుని లోపలికి పంపేదాన్ని. డాక్టరు గారు ప్రాక్టీసు పెరిగిందని మురిసిపోతుంటే అసలు సంగతి చెప్పడానికి నాకు నోరు రాలేదు.

వానలు వెనకబట్టిన రోజుల్లో లచ్చమ్మ అనే ముసలామె కొడుకు రెక్క పట్టుకుని వచ్చింది. కొడుకు కిష్టయ్య గౌడ్‌కు ముప్ఫై ఏళ్లుంటాయి. తాండూరు నుంచి కరణ్‌కోటకు పోయే తోవలో వాళ్ల ఊరు. కల్లు గీసే మనిషి. రెండు నెలలుగా చెట్టు కొనకు చూస్తే చాలు, లోకమంతా గిర్రున తిరుగుతోందట. పడుకుని కుడివైపు ఒత్తిగిలినా అంతేనట. ఒకరోజు సగం చెట్టెక్కి పైకి చూసి, కళ్లు మూసుకుని చెట్టును కౌగిలించుకుని ఉండిపోయాడు. బావమరిది ఎక్కి అంగుళమంగుళం దింపుకొచ్చాడు. అప్పటి నుంచి మోకు ముట్టలేదు. మోకంటే చెట్టుకూ నడుముకూ కలిపి వేసుకునే తాడు, వాళ్ల ప్రాణమంతా దాని మీదే ఉంటుంది.

దసరా వెళ్లాక కల్లు కాంట్రాక్టు పాడుకున్న గుత్తేదారు గీసేవాళ్లకు ఈత చెట్లు పంచుతాడు. అప్పటికి ఎక్కలేకపోతే కిష్టయ్య తండ్రి నాటి నుంచి వస్తున్న చెట్లు ఇంకొకరి పాలవుతాయి. ఒకసారి చెయ్యి మారిన చెట్లు మళ్లీ రావని చెప్పి లచ్చమ్మ కళ్లు తుడుచుకుంది. అన్నీ విని డాక్టరు గారు, తాండూరులో డాక్టర్లుండగా ఇంత దూరం ఎందుకొచ్చారని మర్యాదకే అడిగారు.

“బోర్డు మీద రాసున్నది గద సాబ్, గాలి డాక్టరని” అంది లచ్చమ్మ. “మా పోరనికి చెట్టు మీది గాలి పట్టింది. జర ఇడిపియ్యి, నీ కాల్మొక్త.”

డాక్టరు గారు నెమ్మదిగా నా వైపు తిరిగారు. బోర్డు మీద ఏముందో చదవమన్నారు. చదివాను. అర్థం చెప్పమన్నారు. చెప్పాను. ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుని, ప్రాక్టీసు ఎందుకు పెరిగిందో ఇప్పుడు తెలిసిందన్నారు. కిష్టయ్యను బల్ల ఎక్కమన్నారు.

కూర్చున్న మనిషిని భుజాలు పట్టి, తల కుడివైపుకు తిప్పి, బల్ల అంచు దాటి తల వేలాడేలా గబుక్కున వెనక్కి పడుకోబెట్టారు. రెండు క్షణాలు ఏమీ లేదు. తర్వాత కిష్టయ్య కనుగుడ్లు టకటకా అదరడం మొదలుపెట్టాయి. దాన్ని నిస్టాగ్మస్ అంటారు. తల తిరుగుతోందని మనిషి చెప్పకపోయినా కళ్లు చెప్పేస్తాయి. భయంతో అతను నా ముంజేయి పట్టుకుంటే పడిన గోటి గుర్తులు వారం దాకా పోలేదు. డాక్టరు గారి ముఖమైతే పాత స్నేహితుడు ఎదురైనట్టు వెలిగిపోయింది. ఇది గాలీ కాదు ధూళీ కాదు, పొజిషనల్ వర్టిగో అన్నారు. చెవి లోపల తల వంపును కనిపెట్టే చిన్న ఏర్పాటు ఒకటి ఉంటుంది. అది దెబ్బతిని తప్పుడు కబురు పంపుతోందట. పైలట్లలో ఇలాంటివాళ్లను చూశానన్నారు.

తలకేమైనా తగిలిందా అని అడిగారు. లేదన్నాడు కిష్టయ్య, మరీ తొందరగా. డాక్టరు గారు లచ్చమ్మను వరండాలో కూర్చోబెట్టి టీ ఇమ్మని నన్ను పంపారు. నేను తిరిగొచ్చేసరికి కిష్టయ్య తల వంచుకుని ఉన్నాడు.

“నా లొట్టే సాబ్” అన్నాడు చివరికి. లొట్టి అంటే కల్లు పట్టే కుండ. “నేను కట్టిన ముడే ఊడి నా నెత్తి మీద పడ్డది. పదిహేనేండ్ల సంది ఎక్కుతున్న. ముడి ఊడిందంటే మావోళ్లంత నవ్వుతరు. గాలి పట్టిందంటే అయ్యో పాపమంటరు.”

డాక్టరు గారు నవ్వలేదు. “పైలట్లు కూడా గింతే కిష్టయ్యా” అన్నారు. “దిగేటప్పుడు చెయ్యి తప్పి బండి నేలకు కొడ్తరు. అడిగితే గాలి అడ్డమొచ్చిందంటరు.”

ఆరు వారాలు చెట్టు ముట్టకూడదని ఖచ్చితంగా చెప్పారు. కిష్టయ్యను అలా గ్రౌండ్ చేశారన్నమాట. దీనికి మందు లేదు, కసరత్తే మందు. తల పైకీ కిందికీ ఆడించాలి. ఏ వైపు పడుకుంటే తిరుగుతుందో ఆ వైపే కావాలని పడుకోవాలి. కంటి ఎత్తు దాటేలా ఓ బంతిని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి ఎగరేస్తూ దాన్నే చూస్తుండాలి. బంతి ఎక్కడిది? నా టిఫిన్ డబ్బా పక్కన నిమ్మకాయ ఉంటే అదే తీసి ఇచ్చారు. సరిగ్గా అప్పుడే లచ్చమ్మ లోపలికొచ్చింది. నిమ్మకాయను చూసి రెండు చేతులూ జోడించింది. చెవి సంగతంతా ఆమెకు నేను పూసగుచ్చినట్టు చెప్పాను. ఆమె ఓపికగా విని, “ఎట్లయితేంది బిడ్డా, నిమ్మకాయ ఇచ్చిండు గద” అంది.

వారానికోసారి వచ్చి చూపించుకోవాల్సిన మనిషి రెండో వారం రాలేదు. ఆదివారం నేనే వాళ్ల ఊరికి వెళ్లాను. కిష్టయ్య పశువుల కొట్టంలో ఒక్కడే కూర్చున్నాడు, నిమ్మకాయ పక్కన పడుంది. కసరత్తు చేస్తే తిప్పుడు ఎక్కువైతున్నదని, వాంతులైతున్నయని, వదిలేశానని చెప్పాడు. నాకు ఒళ్లు మండింది. మందు చేదుగా ఉందని పిల్లలు చేసే పేచీ ఇదని మొహానే అనేశాను. తర్వాత నాకే సిగ్గేసింది, పక్కన కూర్చున్నాను. తిప్పుడు రావాలి, వచ్చినప్పుడు పారిపోకుండా ఆగేదాకా అందులోనే ఉండాలి, ఎన్ని అంకెలకు ఆగుతుందో లెక్కపెట్టి గోడ మీద బొగ్గుతో గీతలు గీయాలి అని చెప్పాను. నా ముందే పడుకున్నాడు. పళ్లు బిగించి లెక్కపెట్టాడు. నలభై దాకా వచ్చింది. నలభై గీతలూ గీశాక అతని ముఖంలో మొదటిసారి ధైర్యం చూశాను. తిప్పుడుకు ఒక చివర ఉందని అప్పుడు తెలిసింది అతనికి.

ఆ తర్వాత ఒక్క వారం కూడా తప్పలేదు. గోడ మీది గీతలు ముప్ఫై అయ్యాయి, పద్దెనిమిది అయ్యాయి, ఆరు అయ్యాయి. ఒక మంగళవారం వచ్చి, పొద్దున పడుకుంటే గోడ మీద గీత గీసే పనే పడలేదని చెప్పాడు. డాక్టరు గారు బల్ల మీద మళ్లీ పరీక్ష చేశారు. కళ్లు కదల్లేదు. అయినా కాగితం రాసివ్వలేదు. గ్రౌండ్ చేసిన మనిషిని ఒకసారి పైకి పంపి చూడకుండా ఫిట్ అని రాయనన్నారు.

దసరా అయిన మూడో రోజు ఆయన తాండూరులో రైలు దిగారు, మెడలో స్టెతస్కోపు, జేబులో స్టాప్‌వాచ్. నేనూ వెంట వెళ్లాను. ఊరి పక్కన ఈత వనంలో జనం గుమిగూడి ఉన్నారు. చెట్లు పంచే గుత్తేదారు కూడా వచ్చి నిలబడ్డాడు. డాక్టరు గారు మొదట పొట్టి చెట్టు, తర్వాత నడిమి చెట్టు ఎక్కించారు. చివరికి అన్నిటికన్నా పొడుగైనది చూపించారు. బావమరిది పక్క చెట్టు మీద తోడుగా ఉన్నాడు. కిష్టయ్య మోకు సర్దుకుని ఎక్కాడు. కొన దగ్గర ఆగి, డాక్టరు గారు చెప్పినట్టే తల వెనక్కి వాల్చి ఆకాశంలోకి చూశాడు. లచ్చమ్మ నా చెయ్యి పట్టుకుంది. స్టాప్‌వాచ్ ముల్లు ఒక చుట్టు పూర్తిచేసింది.

“సాబ్” అని పైనుంచి గొంతు వినబడింది. “చెట్టు చెట్టు తీరుగనే ఉన్నది.”

నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దాచుకోను. డాక్టరు గారు అక్కడే మోకాలి మీద లెటర్‌హెడ్ పెట్టుకుని పెద్ద అక్షరాలతో ఫిట్ అని రాసి సంతకం చేశారు. గుత్తేదారు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, కిష్టయ్య చెట్లు కిష్టయ్యకే అన్నాడు. లచ్చమ్మ మాత్రం నా చెవిలో, నిమ్మకాయ మహిమ చూసినవా బిడ్డా అంది. నేను వాదించలేదు. తిరుగు రైల్లో డాక్టరు గారు ఒక మాట ఒప్పుకున్నారు. అన్నేళ్లు విమానాల్లో తిరిగిన మనిషికి ఆ చెట్టు కొన వైపు చూస్తుంటే కళ్లు తిరిగాయట.

డిసెంబరులో స్టెన్సిల్ ఎక్కించాను. అంతరిక్షం కబుర్లన్నీ అయ్యాక ఆయన పేరు దగ్గరికొచ్చి, అలవాటుగా ‘విశేషాలు లేవు’ కొట్టబోయాను. ఆయన ఆగమన్నారు. కిటికీ వైపు చూడలేదు, నా వైపే చూస్తూ చెప్పారు: “వికారాబాద్. నలభై అడుగుల ఎత్తులో పనిచేసే ఒక వ్యక్తికి తలకు దెబ్బ తగిలి పొజిషనల్ వర్టిగో. ఆరు వారాలు గ్రౌండ్ చేశాను. ఇప్పుడు ఫిట్. ఇంజన్ లేదు, పారాచూట్ లేదు. కో-పైలట్ అతని బావమరిది.” ఆ ఏడాది అంతరిక్షం వార్త కన్నా దీనికే ఎక్కువ జవాబులొచ్చాయి. జోధ్‌పూర్ నుంచి ఒకాయన అది ఏ స్క్వాడ్రన్, అంటే ఏ విమాన దళం, అని అడిగాడు. ఈతవనం స్క్వాడ్రన్ అని జవాబు రాయించారు మా డాక్టరు గారు. పెయింటరును పిలిచి బోర్డు దిద్దించనా అని అడిగితే, అలాగే ఉండనివ్వమన్నారు.

నర్సుగా తర్వాత చాలా ఏళ్లు చేశాను. ఎవరైనా గాలి సోకిందంటే నవ్వడం గాని, కొట్టిపారేయడం గాని ఆ ఏడాదితోనే మానేశాను. రోగి తన పరువు పోకుండా చెప్పుకోగలిగిన మాట ఏదో అదే ముందు చెబుతాడు. ఆ మాటను అతనికే వదిలేసి, దాని వెనక ఏముందో తీరిగ్గా అడగాలి. కిష్టయ్యకు తల నెరిశాక లొట్టి కథ తనే అందరికీ చెప్పి నవ్వించేవాడు కాబట్టి ఇక్కడ రాశాను. అప్పట్లో అది ముగ్గురికే తెలుసు.

ఆ స్టెన్సిల్ కొడుతూ నేను అడిగాను, తలకు దెబ్బ తగిలిందని రాస్తున్నాం కదా, దేనివల్లని పెట్టమంటారని.

“గాలి వల్ల అని పెట్టండి సిస్టర్” అన్నారు.