వెనక పిడి లేని కుర్చీ

మా బస్టాండులో ఆమె ముఖం తెలిసినవాళ్ళు తక్కువ, గొంతు తెలియనివాళ్ళు లేరు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో, ఏది ఆలస్యమో, తప్పిపోయిన పిల్లవాడు ఏ రంగు చొక్కా వేసుకున్నాడో చెప్పే గొంతు ఆమెది. అందరూ మైకమ్మ అనేవాళ్ళు. నేను పక్కనే విచారణ కిటికీలో కూర్చునేదాన్ని. మా ఇద్దరి గదులకీ మధ్య ఒక అద్దమే అడ్డం కాబట్టి, మైకు కట్టేశాక ఆమె అనే మాటలు కూడా నాకు వినిపించేవి. "దయచేసి బస్టాండును పరిశుభ్రంగా ఉంచండి" అని తేనె పూసినట్టు చెప్పి, మీట నొక్కి, "పందులు" అనేది.

మనిషికి చీదర ఎక్కువ. టీ గ్లాసు అంచు తుడవనిదే నోట పెట్టదు. ఎవరైనా దగ్గితే ఊపిరి బిగబట్టి ముఖం తిప్పుకుంటుంది. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు, ఇంకొకరి తువ్వాలు ఉతకడం తన వల్ల కాదని కుండ బద్దలు కొట్టినట్టు చెప్పేది. అక్కా బావలుండే ఇంట్లోనే కింది గదిలో ఉండేది. బావకి ఫొటోలకి చట్రాలు కట్టే కొట్టు ఉంది. మంచివాడే, కానీ ఏ విషయమైనా తన చేతుల మీదుగా జరిగితేనే జరిగినట్టు లెక్క.

ఒక మధ్యాహ్నం ఆవరణ దాటుతుంటే, వెనక్కి వస్తున్న బస్సొకటి మైకమ్మని స్తంభానికి అదిమేసింది. వెన్నెముక దెబ్బతింది. నడుం కింద స్పర్శ పోయింది. వెనక్కి వచ్చే బస్సుల దగ్గర నిలబడకండని రోజూ చెప్పేది ఈవిడే కదా అని, పరామర్శకి వచ్చినవాళ్ళు బయట వరండాలో చెప్పుకుని నవ్వారు. ఆ నవ్వు లోపలికి వినిపించింది. నేను మంచం పక్కనే ఉన్నాను. ఆమె ఏడవలేదు. వాంతి వచ్చేలా ఉందని గిన్నె అడిగింది.

ఆస్పత్రి వాళ్ళు ఇంటికి పంపేటప్పుడు ఒక ఇనప చక్రాల కుర్చీ ఇచ్చారు. ఇద్దరు పట్టేంత వెడల్పు. మధ్యలో ఊయలలా వేలాడే రెగ్జిన్ సీటు. అందులో కూర్చుంటే మోచేతులు పక్షి రెక్కల్లా బయటికి పెట్టాలి, లేకపోతే చక్రం అందదు. ఇంటి నుంచి బస్టాండుకు దూరం ఎక్కువ కాదు గాని, దారంతా పగిలిన రాతి పలకలూ, పైకి లేచిన కాలవ మూతలూ. ప్రతి కుదుపూ నడుంలో గుచ్చుకునేది. తనవి కానట్టున్న కాళ్ళు ఒక్కసారిగా బిగుసుకుని, వణికి, పాదాలు కుర్చీకున్న పాదాల మెట్టు మీంచి జారి నేలని ఈడ్చేవి. అందువల్ల ఎవరో ఒకరు వెనక నుంచి తోయక తప్పేది కాదు.

అసలు రోత అక్కడే మొదలైంది. వీధిలో ఎవరు పడితే వాళ్ళు అడక్కుండా వచ్చి కుర్చీ వెనక పిడులు పట్టుకుని తోసేసేవాళ్ళు. ఆమె పోవాలనుకున్నది ఎటో, వాళ్ళు తీసుకుపోయేది ఇంకెటో. వెనక నుంచి వాళ్ళ ఊపిరి మెడ మీద వెచ్చగా తగిలేది. ఒకాయన తోస్తూ తోస్తూ తుమ్మాడు. ఇంకొకాయన ఫోన్ మాట్లాడుకోవడానికి తన సంచీ తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు, బల్ల మీద పెట్టినట్టు. ఆ సంచీలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఏం నీళ్ళో ఆమె చివరిదాకా చూడలేదు.

సొంతంగా తోసుకుంటే ఇంకో నరకం. చక్రం వీధిలో దేనిమీంచి పోతే అది చుట్టు తిరిగి చేతికొస్తుంది. మనం దాటుకుని పోతామే ఉమ్ములు, అవి ఆమె అరచేతిలోకి వచ్చేవి. పనికి రాగానే సబ్బుతో చేతులు కడిగి, వాసన చూసుకుని, మళ్ళీ కడిగేది. ఒకరోజు కడుగుతూ కడుగుతూ అద్దంలోంచి నన్ను చూసి, "ఈ ఊళ్ళో ఎవడి గొంతులో ఎంత కఫం ఉందో నాకు తెలిసినట్టు డాక్టరుకి కూడా తెలీదు" అంది.

కొత్త కుర్చీ కావాలని ఆమె అనగానే బావ బాధ్యత భుజానేసుకున్నాడు. డిపో వాళ్ళు పరిహారం ఇచ్చారు కాబట్టి ఖర్చు గురించి గొడవ లేదు. అయినా చక్రాల కుర్చీలమ్మే కొట్టుకి వెళ్ళడం ఎందుకని, తనకు తెలిసిన ఇంటి నుంచి ఒక కుర్చీ తెచ్చాడు. ఆ ఇంటి పెద్దాయన ఈమధ్యే పోయాడు. సీటు కింద స్ప్రింగులు, చేతుల కింద దూది మెత్తలు. ఎంత మెత్తగా ఉందో చూడమ్మా అని బావ మురిసిపోయి, తనే ఒకసారి కూర్చుని ఊగి చూపించాడు.

మైకమ్మ దాన్ని చుట్టూ చూసింది. స్పాంజి మధ్యలో ఆ పెద్దాయన కూర్చున్న గుంట అలాగే ఉంది. సీటుకీ వీపుకీ మధ్య సందులో వేలు పెట్టబోయి ఆగి, పెన్సిలుతో గీకింది. బిస్కెట్టు పొడి, సగం కరిగిన మాత్ర, కత్తిరించిన గోరు బయటపడ్డాయి. వాటితోపాటు పాత చెమట వాసన గదంతా కమ్ముకుంది.

"బావగారూ, ఇందులో ఇంకా ఆయన కూర్చునే ఉన్నాడు" అంది.

బావ నొచ్చుకున్నాడు. అంత మంచి వస్తువు ఊరికే వస్తే వద్దంటుందని అక్కతో అన్నాడట. అక్క మాత్రం ఆ గోరు చూశాక కుర్చీని పెరట్లోకి నెట్టించి, గది ఫినాయిలుతో తుడిచింది. చివరికి అందరం కొట్టుకే వెళ్ళాం. మైకమ్మ పట్టుబట్టి నన్ను కూడా తోడు రమ్మంది.

కొట్టు పెద్దదే. నేల ముఖం కనిపించేంత నున్నగా ఉంది. కొట్టు యజమాని ఇస్త్రీ మడత నలగని మనిషి, దగ్గరికి రాకముందే సెంటు వచ్చింది. ఆయన వచ్చి నేరుగా బావకి దండం పెట్టాడు. పేషెంటు ఎంత బరువుంటారు, ఎన్నాళ్ళయింది, సొంతంగా తినగలరా అని బావనే అడుగుతున్నాడు. బావ కూడా చెప్పుకుపోతున్నాడు. మైకమ్మ తల వాళ్ళిద్దరి నడుముల దగ్గర ఉంది. కొనడానికి వచ్చిన ఇంకో ఇద్దరు చూస్తుండగానే ఆయన అదే గొంతుతో, "పక్క తడుపుతుంటారా?" అని అడిగాడు.

నేను సిగ్గుతో తల దించుకున్నాను. అప్పుడు మైకమ్మ మాట్లాడింది. అరవలేదు. బస్టాండులో మాట్లాడినట్టే, ప్రతి అక్షరం విడివిడిగా, కొట్టు ఆ మూల నుంచి ఈ మూలకి వినపడేలా చెప్పింది.

"గమనించగలరు. కుర్చీలో కూర్చునేది నేను. అడగదలచుకున్నవారు నన్ను అడగండి. ఇప్పుడు అడిగిన ప్రశ్న మాత్రం మీ ఇంట్లో వాళ్ళని అడిగి చూసి, తర్వాత నన్ను అడగండి."

కొనడానికి వచ్చినవాళ్ళలో ఒకావిడ పమిట అడ్డం పెట్టుకుని నవ్వింది. యజమాని చెవులు ఎర్రబడ్డాయి. బావ తన చెప్పుల వంక చూసుకుంటూ నిలబడ్డాడు.

మొదట చూపించినది సింహాసనంలా ఉంది. తల ఆనించుకునే దిండు, చేతి పక్కన టీ కప్పు పెట్టుకునే గిన్నె, సీటు మధ్య మూత తీస్తే కింద పళ్ళెం. దిగే పనే లేదు, అన్నీ ఇందులోనే జరిగిపోతాయి మేడమ్ అన్నాడు యజమాని గొప్పగా. మైకమ్మ కప్పు గిన్నెనీ, కింద పళ్ళేన్నీ మార్చి మార్చి చూసింది. దాన్ని కళ్ళ ముందు నుంచి తీసేయమని చేత్తో సైగ చేసింది.

రెండోది సొంతంగా తోసుకునేది, కుదుపులు తగలకుండా సీటు కింద సస్పెన్షన్ స్ప్రింగులున్నది. బావకి చాలా నచ్చింది. మైకమ్మ అందులోకి మారి నాలుగు తోపులు తోసి ఆగిపోయింది. తోసినప్పుడల్లా సీటు కిందికి దిగి పైకి లేస్తోంది. చేతుల్లో బలమంతా స్ప్రింగులే తినేస్తున్నాయని, పైగా ఉబ్బిన జంతువు పొట్ట మీద కూర్చున్నట్టుందని చెప్పింది.

మూడోది చూడ్డానికి ఏమీ లేదు. సన్నటి నల్లటి చట్రం, ఇరుకు సీటు, గట్టి మెత్త. వెనక చక్రాల దగ్గర చట్రానికీ సీటుకీ మధ్య రబ్బరు దిమ్మలు, ముందున్న చిన్న చక్రాల కాడలకి పొట్టి స్ప్రింగులు. కూర్చోగానే ఆమె మోచేతులు ఒంటికి దగ్గరగా వచ్చాయి. చక్రం పైభాగం చేతికి దానంతటదే అందింది. ఆ నున్నటి నేల మీద ఒక చుట్టు తిరిగి, ఇక్కడ తిరిగితే ఏం తెలుస్తుంది, కొట్టు వెనక సందులోకి తీసుకెళ్తానంది.

"అక్కడికొద్దు మేడమ్, చక్రాలు మురికవుతాయి."

"నేను కొనేది మురికిలో తిరగడానికే."

ఆయన ఇంకేమీ అనలేక వెనక తలుపు తీశాడు. నేను పక్కన నడిచాను. సందులో ఒకవైపు చెత్త కుప్ప, రెండోవైపు మూత సగం విరిగిన కాలవ, మధ్యలో ఎత్తుపల్లాల రాళ్ళు. మేం వెళ్ళేసరికి ఒకాయన గోడకి ఎదురుగా నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి కూడా పని ఆపలేదు. మైకమ్మ ఊపిరి బిగబట్టి దాటేసింది. రాళ్ళ మీద చక్రాలు ఎగురుతున్నాయి గాని ఆమె భుజాలు ఎగరడం లేదు. పాత కుర్చీలో ఈపాటికి కాళ్ళు బిగుసుకునేవి. ఇప్పుడు పాదాలు ఉన్నచోటే ఉన్నాయి, ఒక్కసారి మాత్రం చిన్నగా వణికి ఊరుకున్నాయి. కాలవ మూత అంచు దగ్గర ముందు చక్రం తట్టుకుంటుందని నేను చెయ్యి చాచాను. వద్దన్నట్టు తలూపి, ఒక తోపు గట్టిగా తోసి ఎక్కించింది.

తిరిగి వస్తుంటే ఏదో తడి చక్రంతోపాటు తిరిగి ఆమె చేతికి అంటింది. ఈమధ్యే కొనుక్కున్న చేతి తొడుగు చూసుకుంది. పసుపు పచ్చగా, జిగటగా ఉంది. ఆమె గొంతు ఓకరింపుతో కదలడం చూశాను. కుర్చీ ఆపి, కళ్ళు మూసుకుని, తొడుగుని గోడకి రుద్ది, ఇదే కావాలంది.

లోపలికొచ్చి తన బరువెంతో తనే చెప్పి, దానికి తగ్గ రబ్బరు దిమ్మలు వేయమంది. పాదాల మెట్టు కొంచెం పైకి జరపమంది. తర్వాత, వెనకున్న తోపుడు పిడులు రెండూ తీసేయమంది.

బావకి అది మింగుడు పడలేదు. రేపు నీరసం వస్తే ఎలా, గుమ్మం ఎక్కించాలంటే ఎక్కడ పట్టుకోవాలి అని అడిగాడు. యజమాని మధ్యే మార్గంగా, మడిచి పెట్టుకునే పిడులు కూడా ఉన్నాయన్నాడు.

"మడిచినవి విప్పుతారు" అంది మైకమ్మ. "తీసేయండి."

బావ గొంతు మారింది. "అంటే ఇన్నాళ్ళూ నేను తోసింది కూడా నీకు రోతేనా అమ్మా?"

కొట్టులో అందరూ వింటున్నారు. ఆమె మాత్రం ఈసారి మైకు గొంతుతో మాట్లాడలేదు, మాకు మాత్రమే వినపడేంత మెల్లగా అంది.

"మీరు తోయడం రోత కాదు బావగారూ. తోస్తూ తోస్తూ దారిలో ఎదురైన ప్రతివాడినీ ఆపి, పాపం మా మరదలు, ఇలా అయిపోయింది అంటారు చూడండి, అప్పుడు వాళ్ళు వంగి నా ముఖంలోకి చూస్తారు. అది రోత. ఆ పిడి మీ చేతిలో ఉన్నంతసేపు నేను అక్కణ్ణుంచి కదలలేను."

బావ బయటికి వెళ్ళిపోయాడు. మేం కుర్చీతో బయటికి వచ్చేసరికి ఆటో మాట్లాడి నిలబెట్టి ఉంచాడు గాని, దారిపొడవునా మా వైపు తిరగకుండా బయటికే చూశాడు.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఇంట్లో మాటల్లేవు. అక్క చెల్లెల్ని బాగా తిట్టిందట. ఆయన ఎత్తి దింపకపోతే ఆస్పత్రి నుంచి ఇంటికే చేరేదానివి కాదు, ఆ సంగతి గుర్తుందా అందట. మైకమ్మ గుర్తుందని ఒప్పుకుంది. మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. కృతజ్ఞతకీ కొలత ఉండాలి, లేకపోతే అదీ కుళ్ళిపోతుందని నాతో అంది. అలా అన్న తర్వాత ఆ రోజంతా ప్రకటనలు పొడిపొడిగా చేసింది. బావ ముఖం ఆమెని కూడా బాధపెడుతున్నట్టే ఉంది.

ఒక ఆదివారం ఆమె లేచేసరికి గుమ్మం ముందు మెట్ల మీద చెక్క వాలు వేసి ఉంది. చట్రాలు కట్టే మనిషి చెయ్యి కదా, అంచులు నున్నగా చిత్రిక పట్టి, జారకుండా అడ్డంగా సన్న బద్దలు కొట్టాడు. ఆమె ఒకసారి దిగి, ఒకసారి ఎక్కి, బాగుందని చెప్పింది. కొట్లో చెక్క మిగిలింది, వేశాను అన్నాడు బావ. అంతటితో మాటలు మొదలయ్యాయి, మరదలి గురించి వీధిలో చెప్పడం మానేశాడు. కనీసం ఆమె వినేటట్టు చెప్పడం మానేశాడు.

కుర్చీ వచ్చాక కష్టాలన్నీ తీరిపోయాయని చెబితే అబద్ధం. వాన పడితే దిమ్మలు కిర్రుమంటాయి. ఎత్తు ఎక్కేటప్పుడు చేతులు లాగుతాయి. ఉమ్ములు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆమె తొడుగులు మార్చి మార్చి వాడుతుంది, ఉతికేటప్పుడు బకెట్టు వంక చూడదు. కాకపోతే ఇప్పుడు ఎటు వెళ్ళాలో ఆమే వెళ్తుంది.

మొన్న బస్టాండు గేటు దగ్గర ఒక పెద్దమనిషి వెనక నుంచి వచ్చి, పిడుల కోసం తడిమి, అవి లేకపోయేసరికి ఆమె రెండు భుజాల మీదా చేతులేసి తోయబోయాడు. ఆమె చక్రాలు పట్టేసింది. ఆయన మోకాలు చట్రానికి కొట్టుకుంది. సాయం చేద్దామనుకున్నాను అన్నాడు కుంటుతూ.

ఆమె తల తిప్పి, "చేతులు కడుక్కున్నారా?" అని అడిగింది.

ఆయన నిజంగానే తన చేతుల వంక చూసుకున్నాడు. ఏం కనిపించిందో గాని, వాటిని జేబుల్లో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సాయంత్రాలు ఇప్పుడు అక్కాచెల్లెళ్ళిద్దరూ పక్కపక్కనే బజారుకి వెళ్తున్నారు. వెనక నుంచి తోసినన్నాళ్ళూ చెల్లెలి పాపిట తప్ప ఏమీ కనిపించేది కాదని అక్క చెప్పింది. ఇప్పుడు ముఖం కనిపిస్తోందట. అందులో ఎక్కువసేపు చిరాకే కనిపిస్తోందని నా దగ్గర ఫిర్యాదు కూడా చేసింది.